సందుగకు చలి పెడుతుందా?



చలికాలం వచ్చింది. చేవెళ్ళ, మొయినాబాద్ వైపు తెల్లవారుజామున పొలాల మీద మంచు దిగుతున్నది. గండిపేట, హిమాయత్‌సాగర్ చెరువుల మీదుగా గాలి వీచినప్పుడు పెద్దవాళ్ళ మోకాళ్ళకు ముందుగా తెలుస్తుంది. అటకల మీద నుండి బొంతలు, రగ్గులు, గొంగళ్ళు కిందికి దిగుతున్నాయి. నవంబరు 11వ తేదీ పునీత మార్టిన్ గారి పండుగ. ఆ పండుగ వెనుకే సామాన్య కాలపు 33వ ఆదివారం వస్తుంది. 2017 నుండి తిరుసభ ఆ ఆదివారాన్ని ప్రపంచ పేదల దినంగా జరుపుకుంటున్నది. ఈ రెండింటి నడుమ కూర్చుని ఈ వారం బొంతల గురించి రాయదలచాను. సువిశేషం వదిలిపెట్టి ఫాదర్ గారికి ఈ బొంతల గొడవ ఏమిటని నవ్వుకోకండి. కొంచెం ఓపికతో చదవండి.

2020వ సంవత్సరం మార్చి నెలను మీరెవరూ మరచిపోలేదు. మార్చి 22న జనతా కర్ఫ్యూ అన్నారు. సాయంత్రం 5 గంటలకు అందరం వాకిట్లో నిలబడి చప్పట్లు కొట్టాము, కొందరు పళ్ళేలు వాయించారు. ఆ వెంటనే మన రాష్ట్రంలో తాళాలు పడ్డాయి. 25వ తేదీ నుండి దేశమంతా మూతపడింది. ఏప్రిల్ 5న మట్టల ఆదివారం నాడు మట్టలు పట్టుకునే చేతులు గుడిలో లేవు. ఏప్రిల్ 12న క్రీస్తు పునరుత్థాన పండుగ నాడు ఖాళీ బెంచీల ముందు నిలబడి, ఒక సెల్‌ఫోనును చూస్తూ "ప్రభువు మీతో ఉండునుగాక" అన్నాను. జవాబు చెప్పడానికి ఫోను పట్టుకున్న కుర్రవాడు ఒక్కడే ఉన్నాడు. అంతకుముందు మార్చి 27న జగద్గురువులు ఫ్రాన్సిస్ పాపు గారు వానలో, జనం లేని పునీత పేతురు ఆవరణలో ఒంటరిగా నిలబడి, తుఫానులో చిక్కుకున్న పడవ సువిశేషాన్ని ధ్యానించారు. ఆ దృశ్యం చాలామంది ఇండ్లలో టీవీ ముందు కన్నీళ్ళు పెట్టించింది.

ఆ రోజుల్లో నేను ఈ ప్రాంతపు కుటుంబాల సేవలో ఉన్నాను. గడప దాటే వీలు లేదు గనుక రోజూ సాయంత్రం నాలుగు దాటాక పది ఇళ్ళకు ఫోను చేసేవాణ్ణి. ఎవరికి జ్వరం వచ్చింది, ఎవరికి బియ్యం అందలేదు, ఎవరికి బీపీ గోళీలు అయిపోయాయి, ఇవన్నీ రాసుకునేవాణ్ణి. పూల రైతుల మాటలు వింటే దిగులుగా ఉండేది. మన చేవెళ్ళ, మొయినాబాద్ పొలాల గులాబీలు, చామంతులు గుడిమల్కాపూర్ మార్కెట్టుకు పోవాలి. పెళ్ళిళ్ళు లేవు, పండుగలు లేవు, గుళ్ళు తెరవలేదు. కోసినా కూలి దండుగ, కోయకపోతే చెట్టు పాడవుతుంది. ఒక రైతు కోసిన పూలన్నీ గట్టు మీద పోసి, "పవిత్ర శుక్రవారం పూలు ఈ ఏడు పొలానికే పెట్టిన ఫాదర్" అన్నాడు. ఏమి చెప్పాలో నాకు తోచలేదు.

చేవెళ్ళ రోడ్డుకు కొంచెం లోపలగా ఉన్న ఒక పల్లెలో ఒక అవ్వ ఉండేది. భర్త చనిపోయి అప్పటికి ఆరేళ్ళు. కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు. కొడుకు ఒక ఫామ్‌హౌసులో తోటపని చేసేవాడు. ఆమెకు ఫోను చేసి, "ఏం చేస్తున్నవు అవ్వా?" అని అడిగితే, "బొంత కుడ్తున్న ఫాదర్" అన్నది. మరునాడు అడిగితే అదే మాట. మూడవనాడూ అదే.

నాకు కొంచెం చిరాకు కలిగిందని ఒప్పుకుంటున్నాను. తపస్సుకాలం, పైగా లోకమంతా మహమ్మారితో అల్లాడుతున్నది, ఈమె బొంత బొంత అంటున్నదేమిటని. "జపమాల చెప్పుకుంటున్నరా లేదా?" అని అడిగాను. "ఎందుకు చెప్పుకోం ఫాదర్? కుట్టుకుంటనే చెప్పుకుంటున్నం. ఒక వరస అటు పోయి ఇటు వచ్చేటాలకు ఒక దేవరహస్యం అయిపోతది" అన్నది. "కుట్టు పక్కన పెట్టి, పీఠం ముందర మోకరించి చెప్పుకుంటే మంచిది గదా" అన్నాను. "సరే ఫాదర్" అన్నది. ఆ తరువాత కూడా ఆమె కుట్టుకుంటూనే చెప్పిందని మనుమడు ఎన్నో నెలల తరువాత నాకు చెప్పాడు. "సరే ఫాదర్" అనే మాటను మన పెద్దవాళ్ళు ఎన్ని రకాలుగా వాడతారో గురువులమైన మాకు ఆలస్యంగా తెలుస్తుంది.

బొంత కుట్టడం చూడని పిల్లలు ఇప్పుడు పట్నంలో చాలామంది ఉన్నారు. వారి కోసం రెండు మాటలు రాస్తాను. ఇంట్లోని పాత నూలు చీరలు, ధోతులు, తువ్వాళ్ళు ఉతికి బాగా ఎండబెడతారు. నేల మీద ముందు ఒక మంచి చీర పరుస్తారు. దాని మీద చినిగిన గుడ్డలు, ఎక్కడా ఎత్తుపల్లాలు రాకుండా పేర్చుకుంటూ పోతారు. మీద ఇంకొక మంచి చీర కప్పి, అంచులు లోపలికి మడిచి, పొరలు జరగకుండా ముందుగా పెద్ద పెద్ద పోగులతో కచ్చాకుట్టు వేస్తారు. ఆ తరువాత అసలు కుట్టు. అవ్వ అంచు నుండి మొదలుపెట్టి, రెండు వేళ్ళ ఎడంతో చుట్టూ తిరుగుతూ లోపలికి వచ్చేది. కొందరు నిలువు వరసలు వేస్తారు. దారం పీచు లేవకుండా కొవ్వొత్తి ముక్కకు రాసుకునేది. ఇది ఎండాకాలపు పని. పంటలు ఇంటికి వచ్చి, వానలు ఇంకా పడని రోజుల్లో అమ్మలక్కలు నలుగురు నాలుగు మూలలా కూర్చుని కుట్టేవారు. ఊరి మంచిచెడ్డలన్నీ ఆ బొంత చుట్టూనే తేలేవి. ఆ ఏడు నలుగురు కూడే వీలు లేదు గనుక అవ్వకు ఒక మూల కోడలు, ఒక మూల మనుమరాలు, ఒక మూల పదేళ్ళ మనుమడు దొరికారు. మనుమడు వేసిన వరస వాగు పోయినట్టు వంకరగా పోయింది. విప్పి మళ్ళీ కుడదామని కోడలు అంటే అవ్వ ఒప్పుకోలేదు.

ఈ పని మన ఊళ్ళదే కాదు. తాండూరు దాటి కర్ణాటకలోకి పోతే దీన్నే కౌది అంటారు. వంగదేశంలో కాంథా అంటారు. కర్ణాటకలోనే ఉత్తర కన్నడ జిల్లా అడవుల పక్కన సిద్దీలు అనే జనం ఉన్నారు. ఎన్నో తరాల క్రితం ఆఫ్రికా నుండి వచ్చినవారి సంతతి. వారిలో హిందువులు, ముస్లింలు, కతోలికులు ముగ్గురూ ఉన్నారు. వారి ఆడవాళ్ళు కుట్టే బొంత పేరు కవంది. దాని నాలుగు మూలలా గుడ్డముక్కలను ముక్కోణంగా మడిచి పువ్వుల లాగా కుడతారు. ఆ పువ్వులు లేకపోతే ఆ బొంత పూర్తయినట్టు వాళ్ళు ఒప్పుకోరు. కప్పుకునేవారికి ఆ పువ్వు వల్ల ఒక పిసరు వెచ్చదనం కూడా ఎక్కువ రాదు. అయినా పెడతారు. ఇంటి పనిలో సంతోషం అంటే ఇదే గదా అని నాకు అనిపిస్తుంది.

ఒకనాడు అవ్వ ఫోనులో కోడలి మీద విసుక్కుంటున్నది. కోడలు దర్జీ దగ్గర మిగిలిన కొత్త గుడ్డ తెచ్చి బొంత మీద అతికిందట. "కొత్త గుడ్డ తడిస్తే గుంజుకుంటది ఫాదర్. పాతదాన్ని గుంజి చింపుతది. గీ ముచ్చట కూడ తెల్వదు గీ పిల్లకు" అన్నది. నేను ఫోను పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. మార్కు సువిశేషం రెండవ అధ్యాయం, 21వ వచనం. పాత వస్త్రానికి కొత్త గుడ్డ మాసిక వేస్తే అది పాతదాన్ని లాగి చినుగును పెద్దది చేస్తుందని ప్రభువు చెప్పిన మాట. దాని మీద నేను ఎన్నో ప్రసంగాలు చేశాను. పాత నిబంధన, కొత్త నిబంధన, ధర్మశాస్త్రం, కృపావరం, అన్నీ చెప్పాను. ఆ మాట ప్రభువుకు ఎక్కడ తెలిసి ఉంటుందని మాత్రం ఒక్కసారి కూడా ఆలోచించలేదు. నజరేతులో మరియ తల్లి పక్కన కూర్చుని చూసి ఉంటాడు. మాసిక వేసిన అంగీ తొడుక్కుని ఉంటాడు. జోజప్ప గారి ఇంట్లో కొత్త బట్ట తరచుగా వచ్చేదని అనుకోవడానికి ఆధారమేమీ లేదు. బాలయేసును దేవాలయంలో సమర్పించినప్పుడు వారిచ్చినది పేదల కానుకయే.

ప్రభువు బహిరంగంగా బోధించడం మొదలుపెట్టినప్పుడు సుమారు ముప్పది ఏళ్ళవాడని లూకా గారు రాశారు. బోధించిన కాలం మూడేళ్ళని పెద్దలు చెబుతారు. మిగిలిన కాలమంతా ఇల్లే. పొయ్యి, నీళ్ళకుండ, ఉలి, సూది, చాప. రెండవ వాటికన్ మహాసభ 1964లో కుటుంబాన్ని గృహ శ్రీసభ అని పిలిచినప్పుడు కొత్త మాటేదో పుట్టించలేదు, నజరేతును గుర్తు చేసింది. గుడి తలుపులు మూసిన ఆ నెలల్లో మన ఇండ్లు ఆ పేరుకు తగినట్టుగా కొంతవరకు నిలబడ్డాయి. మన తల్లులు మామిడికాయ తొక్కులు నూరారు, వడియాలు పెట్టారు. జొన్నరొట్టె చేయడం రాని ఆడపిల్లలు నేర్చుకున్నారు, ఒకరిద్దరు మగపిల్లలు కూడా నేర్చుకున్నారు. అష్టాచెమ్మా గీతలు గచ్చు మీద మళ్ళీ కనబడ్డాయి. ఎప్పుడూ ఇంట్లో ఉండని తండ్రి చింతగింజలు పంచుకుంటూ పిల్లలతో తగవుపడ్డాడు. ఇంకొక సంగతి కూడా దాచకుండా రాస్తాను. మన రాష్ట్రంలో మే 6వ తేదీ వరకు మందు దుకాణాలు మూసి ఉన్నాయి. ఆ నెలన్నర గురించి కొందరు తల్లులు నాతో, "ఫాదర్, మా ఇంట్ల పండుగ లెక్క ఉండె" అన్నారు. కరోనా పోవాలని ప్రార్థిస్తూనే, ఆ దుకాణాలు మాత్రం తెరవకూడదని ప్రార్థించినవారు వారు. వారి ప్రార్థనను ఎవరు తప్పుపడతారు?

ఈ సంతోషాలు పాపమా అని ఒక చదువుకున్న అమ్మాయి ఆ రోజుల్లోనే నన్ను అడిగింది. బయట జనం చస్తుంటే, నడిచి నడిచి కాళ్ళు పగులుతుంటే, మేము ఇంట్లో వడియాలు పెట్టుకుంటూ నవ్వుకోవచ్చునా అని. మంచి ప్రశ్న. ఆనాడు నేను ఏదో సర్దిచెప్పాను. జవాబు నాకు అవ్వ ఇంటి నుండి వచ్చింది.

ఏప్రిల్ నెల చివరి రోజులు. పని పోయినవారు, కూలి అందనివారు సొంత ఊళ్ళకు బయలుదేరారు. దేశంలోనే మొట్టమొదటి శ్రామిక్ రైలు మే 1వ తేదీన మనకు దగ్గరే ఉన్న లింగంపల్లి నుండి జార్ఖండ్ లోని హటియాకు బయలుదేరింది. ఆ రైలు రాకముందు, వచ్చిన తరువాత కూడా, రైలు అందనివారు రోడ్ల మీద నడిచారు. హైదరాబాదు నుండి బీజాపూర్ పోయే మన రోడ్డు మీద వందలకొద్దీ మర్రిచెట్లు ఉన్నాయి గదా. రోడ్డు వెడల్పు కోసం వాటిని కొట్టవద్దని హరిత న్యాయస్థానం దాకా పోయినవారున్నారు. ఆ ఎండల్లో ఆ చెట్ల నీడ ఎంతమందికి సత్రమైందో లెక్క రాసినవారు ఎవరూ లేరు.

ఒక సాయంత్రం అవ్వే నాకు ఫోను చేయించింది. "ఫాదర్, మర్రిచెట్టు కింద ఒక ఇల్లాలు ఉన్నది. సంకల పసిగుడ్డు, ఇరవై దినాలు కూడ ఉన్నట్టు లేదు. మొగడు, ముసలి అత్త ఉన్నరు. కర్ణాటక పోతరట. పిల్లను ఉత్త నేల మీద పండవెట్టిండ్రు. ఏం చెయ్యాలె?" అని అడిగింది.

నేను చెప్పిన జవాబు నాకు మాట మాట గుర్తున్నది. దగ్గరకు పోవద్దన్నాను, మూతికి గుడ్డ కట్టుకోమన్నాను. అంతవరకు బాగానే ఉన్నది, ఆనాడు వైద్యులు చెప్పినదీ అదే. అక్కడితో ఆగలేదు. "వాళ్ళను పంచాయతీవాళ్ళు చూసుకుంటరు అవ్వా, నువ్వు పెద్దదానివి, ఇంట్లనుండి బయటికి రాకు. వాళ్ళ కోసం ప్రార్థన చేద్దాం" అన్నాను.

పునీత యాకోబు గారి లేఖ రెండవ అధ్యాయంలో, కట్టుబట్ట లేని సోదరునికి, ఆ పూట తిండి లేని సోదరికి, వెచ్చగా ఉండండి, కడుపు నింపుకోండి అని చెప్పి ఒట్టి చేతులతో పంపితే ఏమి లాభమని అడుగుతాడు. దివ్యపూజలో ఆ పఠనం చదివినప్పుడల్లా ఇది ఎవరో ధనవంతుల గురించి రాశాడని అనుకునేవాణ్ణి. ఆ సాయంత్రం ఆ మాటలనే కొంచెం మర్యాదగా, ఫోనులో, ఒక ముసలి తల్లికి బోధించాను. నా గదిలో అతిథుల కోసం ఉంచిన రెండు కొత్త రగ్గులు బీరువాలో ఉన్నాయి. అవి అప్పుడు నాకు గుర్తుకు కూడా రాలేదు.

"సరే ఫాదర్" అన్నది అవ్వ.

ఆ తరువాత జరిగినది కోడలు చెప్పగా విన్నాను. అవ్వ మూతికి కొంగు చుట్టుకుని, నాలుగు రొట్టెలు, తొక్కు, బిందెడు నీళ్ళు కొడుకుతో పంపింది. అప్పుడే పూర్తయిన బొంతను మడిచి తానే ఎత్తుకున్నది. కోడలు అడ్డం నిలబడింది. ఎందుకంటే ఆ బొంత పైపొర కింద మామగారి ధోతి ఉన్నది. ఆయన పండుగలకు కట్టుకుని గుడికి వచ్చే ధోతి అది. ఆరేళ్ళు సందుగలో కలరా ఉండలు వేసి దాచి, లాక్‌డౌన్లో తీరిక దొరికిందని, కుటుంబమంతా కప్పుకోవాలని అవ్వ ఆ బొంతలో వేసి కుట్టింది. "వేరే దుప్పటి ఇద్దాం అత్తమ్మా, ఇది మామది గదా, ఇది సందుగల పెడదాం" అన్నది కోడలు.

అవ్వ అన్న మాట ఇది: "సందుగకు సలి పెడ్తదా బిడ్డా?"

చెట్టుకు కొంత దూరంలో ఉన్న మైలురాయి మీద బొంత పెట్టి, వెనక్కు వచ్చి నిలబడిందట. ఆ ఇల్లాలు వచ్చి తీసుకుని, నాలుగు మడతలు వేసి, దాని మీద పసిబిడ్డను పడుకోబెట్టింది. ఒకరి భాష ఒకరికి రాదు. ఎండాకాలంలో బొంత ఎందుకని మీలో ఎవరైనా అడగవచ్చు. పసిపిల్లలను పెంచిన తల్లులు అడగరు. మెత్తని పాత నూలు గుడ్డ పసిపిల్లల ఒంటికి ఎంత అవసరమో వారికి తెలుసు. మరియ తల్లి పొత్తిగుడ్డల సంగతి లూకా గారు ఊరకే రాయలేదు.

మరునాడు ఉదయం సంగతి తెలిసి, పోలీసువారి అనుమతి తీసుకుని, ఆ రెండు రగ్గులు పట్టుకుని బయలుదేరాను. నేను పోయేసరికి చెట్టు కింద ఎవరూ లేరు. మూడు రాళ్ళు, బూడిద, ఒక ఖాళీ పాల ప్యాకెట్టు ఉన్నాయి.

ఈ కథను ఇక్కడితో ఆపితే అవ్వ ఒక పటంలోని పునీతురాలిలాగా కనబడుతుంది. ఆమె అట్లాంటిది కాదు. నోరు పెద్దది. పక్కింటివాళ్ళతో కోడిపిల్ల గురించి రెండేళ్ళు మాట్లాడలేదు. బొంత ఇచ్చిన తరువాత రెండు రాత్రులు ఆమెకు నిద్ర పట్టలేదని, చీకట్లో లేచి సందుగ తెరిచి చేయి పెట్టి చూసుకున్నదని కోడలు చెప్పింది. తరువాత నేను కలిసినప్పుడు అడిగాను. "ఇచ్చినందుకు రంది లేదు ఫాదర్. ఆయన ధోతి గదా. గంతే" అన్నది.

ఆ "గంతే" లోని బరువు తెలియకపోతే దానధర్మాల గురించి మనం ఎంత మాట్లాడినా గాలి మాటలే. నిర్గమకాండము 22వ అధ్యాయంలో ఒక చట్టం ఉన్నది. పేదవాని పైవస్త్రాన్ని తాకట్టుగా తీసుకుంటే, పొద్దు గూకేలోగా తిరిగి ఇచ్చివేయాలి. వాడు కప్పుకోవడానికి ఉన్నది అదొక్కటే, దేనితో పడుకుంటాడని దేవుడే అడుగుతాడు. లోకాన్ని చేసిన దేవుడు ఒక పేదవాని దుప్పటి గురించి అంత వివరంగా చట్టం రాయించాడు. అప్పు కట్టాడా లేదా అన్నది తరువాతి సంగతి. ముందు రాత్రి వస్తున్నది, చలి వస్తున్నది.

పునీత మార్టిన్ గారి సంగతి మీకు తెలిసినదే. నాలుగవ శతాబ్దంలో, ఫ్రాన్సు దేశమని ఇప్పుడు మనం పిలిచే చోట, అమియెన్ అనే పట్టణపు ద్వారం దగ్గర, గడ్డకట్టే చలిలో, ఒక బిచ్చగాడు ఆయనకు ఎదురయ్యాడు. సైనికుడైన మార్టిన్ దగ్గర ఒంటి మీది అంగవస్త్రం తప్ప ఇవ్వడానికి ఏమీ మిగలలేదు. కత్తి దూసి దాన్ని రెండు ముక్కలు చేసి ఒక ముక్క ఇచ్చాడు. సగం గుడ్డ చుట్టుకుని పోతున్న సైనికుణ్ణి చూసి కొందరు నవ్వారట. ఆ రాత్రి కలలో క్రీస్తు ప్రభువు ఆ సగం వస్త్రం కప్పుకుని కనబడ్డాడు. అప్పటికి మార్టిన్ జ్ఞానస్నానం కూడా పొందలేదు, ఇంకా ఉపదేశం వింటున్నవాడే. తరువాత ఆయన టూర్ పట్టణపు పీఠాధిపతి అయ్యాడు, 397లో మరణించాడు. ఆయనదని చెప్పే అంగవస్త్రాన్ని ఫ్రాన్సు రాజులు భద్రపరచిన చోటును, దాని లాటిను పేరును బట్టి కపెల్లా అన్నారు. చిన్న గుడిని మనం చాపెల్ అనే మాట అక్కడి నుండే వచ్చింది. చింపిన ఒక గుడ్డ పేరు గుడికి వచ్చింది. అందరి గుళ్ళూ మూసి ఉన్న నెలలో చేవెళ్ళ రోడ్డు మీద ఒక చాపెల్ తెరిచి ఉన్నదని, నేను మాత్రం నా గుడి తాళంచెవి జేబులో వేసుకుని ఇంట్లో కూర్చున్నానని అనుకుంటే ఇప్పటికీ సిగ్గు కలుగుతుంది.

అపోస్తలుల కార్యాలలో తబితా అనే శిష్యురాలు ఉన్నది. గ్రీకులో ఆమె పేరు దోర్కా. యొప్పా పట్టణంలో జబ్బుచేసి చనిపోయింది. పేతురు గారు వచ్చేసరికి మేడగదిలో విధవరాండ్రు ఏడుస్తూ, ఆమె బ్రతికి ఉన్నప్పుడు కుట్టిన అంగీలు, పైవస్త్రాలు ఆయనకు చూపించారు. తబితా నోటి నుండి వచ్చిన ఒక్క మాట కూడా లూకా గారు రాయలేదు. ఆమె ఏ ప్రార్థన చేసేదో, ఎంతసేపు మోకరించేదో రాయలేదు. ఆమె కుట్టిన బట్టలు ఎవరి ఒంటి మీద ఉన్నాయో మాత్రం రాశాడు. ఆ బట్టలు కుట్టేటప్పుడు ఆమె నవ్వుకుని ఉండదా? పక్కన కూర్చున్న విధవరాళ్ళతో కబుర్లు చెప్పి ఉండదా? రంగు రంగు పక్కన పెట్టి, బాగుందా అని మెడ వాల్చి చూసుకుని ఉండదా? తప్పకుండా చేసి ఉంటుంది. అట్లా ముచ్చటపడి చేయనిదే కుట్టు అంతకాలం నిలవదు. ఆనాడు నన్ను అడిగిన అమ్మాయికి ఈ మాట చెప్పాలని ఉన్నది. నువ్వు ఇంట్లో సంతోషంగా కుట్టుకోవచ్చు తల్లీ. వడియాలు పెట్టుకోవచ్చు. ముచ్చటగా కుట్టిన బొంత కాబట్టే ఇచ్చేటప్పుడు అవ్వకు గుండె పట్టేసింది. పాత దుప్పటి ఇచ్చి ఉంటే ఆమె నిద్రపోయేది.

మరుసటి ఏడు, 2021లో, రెండవసారి వచ్చిన జబ్బు మన విచారణల్లో ఎన్ని ఇళ్ళను ఖాళీ చేసిందో మీకు చెప్పనక్కరలేదు. కడసారి ముఖం చూసుకోలేకపోయినవారు, మట్టి వేయలేకపోయినవారు ఈ పత్రిక చదివేవారిలో ఎందరో ఉన్నారు. వారి ఇండ్లలో కూడా సందుగలు ఉన్నాయి. వాటిలో ఇస్త్రీ మడత విప్పని అంగీలు, చీరలు ఉన్నాయి. వాటిని తీసి ఇచ్చేయండి అని చెప్పే అధికారం నాకు లేదు. దుఃఖానికి గడువు పెట్టడం గురువుల పని కాదు. ఆరేళ్ళు పట్టింది అవ్వకు, సందుగలోనుండి ధోతి తీసి బొంతలో వేయడానికి. బొంతలో నుండి చెట్టు కిందికి పోవడానికి ఒక్క సాయంత్రం పట్టింది. మొదటిది లేకుండా రెండవది జరిగేది కాదని మాత్రం చెప్పగలను.

ఆ ఏడు వానలు పడకముందే అవ్వ ఇంకొక బొంత మొదలుపెట్టింది. భర్త బట్టల్లో ఒక పాత తెల్ల అంగీ మిగిలింది, అది కూడా సగం ఎలుకలు కొట్టినది. బాగున్న ముక్కలు లోపల వేసి, జేబును మాత్రం విడిగా కత్తిరించి, బొంత మీద, తలగడ వైపు, పైమూతి తెరిచి ఉండేటట్టు కుట్టింది. నేను చూసినప్పుడు ఆ జేబులో మనుమడి చింతగింజలు, ఒక తెగిన జపమాల ఉన్నాయి. జపమాలను తెచ్చి బాగుచేయిస్తానంటే, "ఉండనియ్యి ఫాదర్, రాత్రి చెయ్యి పెడితే తగుల్తది" అన్నది.

ఈ సంవత్సరం పేదల దినానికి మా దగ్గర బొంతలు, దుప్పట్లు పోగుచేసి, రోడ్డు పక్క, కట్టడాల దగ్గర గుడిసెల్లో ఉండే కూలివారికి ఇవ్వాలనుకున్నాము. బొంత కుట్టడం వచ్చిన తల్లులు పూజ తరువాత రెండు గంటలు ఉండి పిల్లలకు నేర్పుతామన్నారు. అవ్వకు ఇప్పుడు కన్ను సరిగా కనబడదు. సూదిలో దారం మనుమరాలు ఎక్కించాలి. అయినా వస్తానన్నది. గుడిలో ప్రకటన చేసేటప్పుడు ఒక సంగతి మరచిపోవద్దని నాకు గట్టిగా చెప్పి పంపింది.

"ఉతికి, ఎండవెట్టి తెమ్మని చెప్పుండ్రి ఫాదర్. గా పాలిస్టర్ చీరలు మాత్రం తేవద్దని చెప్పుండ్రి. సూది జారుతది, చెమట పీల్చది, పసిపిల్లలకు ఒరుసుకపోతది."

"సరే అవ్వా" అన్నాను.